పొట్ట చెక్కుచెదరకుండా సిక్స్ ప్యాక్

ముందుగా ఒక శుభవార్త. సిక్స్ ప్యాక్ మీకు ఇప్పటికే ఉంది. పొట్ట ముందు భాగంలో పక్కటెముకల నుంచి కిందికి దిగే కండరాన్ని రెక్టస్ అబ్డామినిస్ అంటారు. దాని నడుమ నిలువునా ఒక గీత, అడ్డంగా మామూలుగా మూడు గట్టి పట్టీలు ఉంటాయి. ఆ గీతా ఈ పట్టీలూ కలిసి కండరాన్ని పలకలుగా విడగొడతాయి. పలకలు నాలుగా, ఆరా, ఎనిమిదా అన్నది పుట్టుకతోనే ఖాయమైపోతుంది, దానికి ఏ ట్రైనరూ బాధ్యుడు కాడు. మగవాళ్ళ ఒంట్లో కొవ్వు పది పన్నెండు శాతానికి దిగితే అవి పైకి తేలతాయి. ఆడవాళ్ళకు అంత దిగనక్కర్లేదు. సరే, ఉన్న ఆస్తిని సంపాదించడానికి తెల్లవారుజామున లేచి పరిగెత్తడం దేనికి? ఉందని నలుగురినీ నమ్మిస్తే చాలదా? బెంగళూరులో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు ఈ విద్యలో చాలా దూరం వెళ్ళారు. వాళ్ళ అనుభవసారం కింద ఇస్తున్నాను. అక్షరం పొల్లుపోకుండా పాటించండి.

1. ముహూర్తం చూసుకోండి.

డైట్ మొదలుపెట్టేది సోమవారమే అయి ఉండాలి. మంగళవారం నాడు గుర్తొస్తే ఇంకో ఆరు రోజులు హాయిగా తినే హక్కు మీకు దక్కినట్టే. సోమవారాల్లో కూడా అన్నీ పనికిరావు. జనవరిలో ఊరి నుంచి సంక్రాంతి అరిసెల డబ్బా వస్తుంది, అది ఖాళీ కాకముందే నోరు కట్టేసుకుంటే అమ్మను అవమానించినట్టు. ఫిబ్రవరిలో పెళ్ళిళ్ళు. మార్చిలో అప్రైజల్ టెన్షన్. ఏప్రిల్, మే నెలలు బంగినపల్లికి రాసిచ్చేశాం. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, వెనకాలే వినాయక చవితి. అంత బొజ్జ ఉన్న స్వామికి ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టి, ఆయన ఎదురుగా మనం పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడటం ఏం మర్యాద? దసరా, దీపావళి సంగతి చెప్పనక్కర్లేదు. కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, రోడ్డు పొడుగునా వేరుశనక్కాయల రాసులు. డిసెంబర్‌లో కేకు. ఇక మిగిలింది జూన్. జూన్‌లో వానలు.

2. జిమ్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టేయండి.

నెలనెలా కడితే వెళ్ళలేదన్న బాధ నెలనెలా కొత్తగా పుడుతుంది. ఏడాదికి కడితే ఒక్కసారితో సరి. జిమ్ ఇంటికి దగ్గరగా ఉండకుండా జాగ్రత్తపడండి, దగ్గరగా ఉంటే వెళ్ళాల్సి వస్తుంది. కాపురం బీటీఎం లేఅవుట్‌లో అయితే చేరేది వైట్‌ఫీల్డ్‌లో. ఆఫీసు పక్కనే కదా అని చెప్పండి. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆ ప్రస్తావనే రాదు.

చేరే రోజు మాత్రం తప్పకుండా వెళ్ళండి. జిమ్ అంత కళగా మళ్ళీ ఎప్పుడూ కనిపించదు. అద్దాల గదిలోకి తీసుకెళ్ళి, సాక్సులు విప్పించి, ఒక యంత్రం మీద నిలబెడతారు. అది బరువు, కొవ్వు శాతం, నీటి శాతం, ఆఖరికి మీ ఒంటి వయసు కూడా కాగితం మీద అచ్చుకొట్టి ఇస్తుంది. మీకు ముప్పై రెండైతే అది నలభై ఏడంటుంది. కౌన్సెలర్ ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుడతాడు. కాసేపు ఏమీ మాట్లాడడు. తరువాత "ఆఫర్ ఇవాళ సాయంత్రందాకే సార్" అంటాడు. వెంటనే కట్టేయండి. కాగితాన్ని తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించండి. ఐస్‌క్రీమ్ కోసం తలుపు తీసినప్పుడల్లా అది రెపరెపలాడుతుంది. ఆరోగ్యం మీద ధ్యాస ఉందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక ట్రైనర్. బెంగళూరు జిమ్ముల్లో తెలుగు మాట్లాడే ట్రైనర్ దొరకడం కష్టమేం కాదు. మొదటి నిమిషంలోనే ఆ విషయం తేల్చేసుకోండి.

"మీది ఏ ఊరు తమ్ముడూ?"

"చింతామణి పక్కన సార్."

"అయితే మనవాడివే! ఇంట్లో తెలుగేనా?"

"తెలుగే సార్. ముందు ఒక పదిహేను స్క్వాట్లు..."

"చేద్దాంలేవయ్యా. మొన్న శుక్రవారం సినిమా చూశావా?"

ఇక గంట దానంతటదే గడిచిపోతుంది. మధ్యలో మేనేజర్ అటుగా వస్తే ఒక డంబెల్ చేతిలోకి తీసుకుని "ఫామ్ కరెక్టేనా?" అని అడగండి. తువ్వాలు భుజం మీద ఉండాలి. మొహం మీద నీళ్ళు చల్లుకుని బయటికి రండి, చెమటకీ కుళాయి నీళ్ళకీ తేడా లిఫ్టులో ఎవరూ కనిపెట్టలేరు.

3. ట్రాఫిక్‌ని సాక్షిగా పెట్టుకోండి.

టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2022లో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు దాటడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది. నెమ్మదిలో ఆ ఏడాది ప్రపంచంలో లండన్ తరువాత మనమే. ఈ అంకెను కంఠస్థం చేయండి, ముఖ్యంగా ఆ 10 సెకన్లు. సెకన్లతో సహా చెప్పేవాడి సాకును ఎవరూ కాదనరు. 2025 ఆగస్టులో మెట్రో యెల్లో లైన్ మొదలై, సిల్క్ బోర్డ్ మీదుగానే బొమ్మసంద్ర దాకా పోతోంది. ఎలక్ట్రానిక్ సిటీ మిత్రులకు ఇది కోలుకోలేని దెబ్బ. వాళ్ళు మెట్రో లేని పేటకు ఇల్లు మారడం మంచిది.

4. నెమ్మదిగా తగ్గమనేవాళ్ళను దూరం పెట్టండి.

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకు ఓ 500 తగ్గించుకుంటూ పోతే రెండు వారాలకు కిలో తగ్గుతుందని వాళ్ళు కూడికలు చేసి చూపిస్తారు. కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. కానీ రెండు వారాల పాటు రోజూ ఒకే పని చేయడం, అదీ ఎవరికీ కనిపించకుండా! ఇలాంటివి రిజిస్ట్రార్ ఆఫీసు గుమస్తాలకు తగిన పనులు. మీరు ఇరవై ఒక్క రోజుల డిటాక్స్ పేరుతో ఉన్న పచ్చరసం సీసాల సెట్టు తెప్పించుకోండి. రెండో రోజు ఆపేయండి. మిగతా సీసాలు పనిమనిషికి ఇస్తే పుణ్యం అని అనుకుంటారు, ఆమె కూడా తాగదు.

5. టిఫిన్ విషయంలో రాజీ వద్దు.

ఈ ఊళ్ళో పొట్టకు మూలస్తంభం పొద్దుటి టిఫిన్. దాన్ని వ్యాయామంతో ముడిపెట్టడమే మెళకువ. ఆదివారం లాల్‌బాగ్‌కి వెళ్ళండి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. అంతా తిరగాలని శాసనమేమీ లేదు. గేటు దగ్గర కారు దిగి, మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి ఆ రాతిగుట్ట మీద కూర్చోండి. అది ఇన్ని కోట్ల ఏళ్ళుగా కదలకుండా పడి ఉంది, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా చుట్టూ కంచె వేసి కాపాడుతున్నారు.

అక్కణ్ణుంచి 1924లో మొదలైన ఎంటీఆర్ నడిచిపోయే దూరంలోనే ఉంది. ఈ నడక తప్పించుకోకండి, దీనికి అర్థం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ కనిపెట్టామని ఎంటీఆర్ వాళ్ళు చెప్పుకుంటారు. యుద్ధం నాటి కరువు తిండి కాబట్టి రవ్వ ఇడ్లీ డైట్ కిందికే వస్తుంది. దాని మీద నెయ్యి పోసుకోవడం శాంతికాలపు హక్కు. మరో ఆదివారం గాంధీబజార్‌లో 1943 నాటి విద్యార్థి భవన్. అక్కడ సర్వరు చేతి పొడుగునా దోసె ప్లేట్లు పేర్చుకుని వస్తుంటే చూసి, అంత బరువు మోసేవాడు మన కళ్ళ ముందు ఉండగా మనం మళ్ళీ వేరే బరువులెత్తడం దేనికని ఆలోచించండి.

దర్శినిలో నిలబడి తింటే కేలరీలు కాళ్ళలోకి దిగిపోతాయి. చౌచౌబాత్ అడగండి. ఒక పక్క ఖారాబాత్, ఇంకో పక్క నెయ్యి ఊరే కేసరిబాత్, ప్లేటు రెండు వైపులా తూకం సరిపోతుంది. సమతులాహారం అన్న మాటకు ఇంతకన్నా అర్థం నాకు తెలియదు. కాఫీ మాత్రం ఎప్పుడూ బై టూ చెప్పండి. అర గ్లాసు తాగేవాడిని లోకం మితాహారి అంటుంది. పదిన్నరకు ఒకటి, పన్నెండుకు ఒకటి, మూడింటికి ఒకటి, అయిదింటికి ఒకటి. నాలుగు సగాలు కలిపి చూసే అలవాటు మన ఆఫీసుల్లో లేదు.

డెబ్బై కిలోల మనిషి గంట సేపు మామూలుగా నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. వెన్న మసాలా దోసె ఒక్కటి ఆ గంటను చెరిపేసి, పైన బాకీ చూపిస్తుంది. బాకీ ఉన్నవాడే రేపు మళ్ళీ నడకకు వస్తాడు. తీరిపోతే ఎవడొస్తాడు?

మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో పద్ధతి వేరు. ముందుగా అందరూ వినేలా "నేను రైస్ మానేశాను" అని ప్రకటించండి. తరువాత అరిటాకు ముందు కూర్చోండి. కందిపొడి, నెయ్యి వేశాక వాటిని కలుపుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఆ ఏదో ఒకటే అన్నం. సర్వరు గరిటెతో వచ్చి "ఇంకొంచెం వేయమంటారా అన్నా?" అంటాడు. అప్పుడు అరచెయ్యి ఆకు మీద అడ్డంగా పెట్టండి, వేళ్ళ మధ్య సందులుండేలా. "చాలు చాలు" అన్న మాట రెండో గరిటె పడ్డాకే రావాలి, ముందు వస్తే పెద్ద నష్టం. పప్పులో ప్రోటీన్ ఉంది, గోంగూరలో ఐరన్ ఉంది, పెరుగులో కాల్షియం ఉంది. అన్నంలో ఏమీ లేదు. ఏమీ లేనిది ఎంత తింటే ఏం?

6. ఫోన్‌లో రెండు యాప్‌లూ పక్కపక్కనే పెట్టుకోండి.

స్విగ్గీ 2014లో, క్యూర్‌ఫిట్ వాళ్ళ కల్ట్ 2016లో, రెండూ ఈ ఊళ్ళోనే పుట్టాయి. తోబుట్టువులను విడదీయడం పాపం. ఒకదాంట్లో సాయంత్రం ఏడింటి క్లాసు, రెండోదాంట్లో ఏడున్నరకు బిర్యానీ బుక్ చేయండి. ఏది ముందు ఇంటి గుమ్మం దాకా వస్తే దానికే మీ ఓటు.

7. ప్రోటీన్ డబ్బా పెద్దది కొనండి.

రెండు కిలోలకు తగ్గకుండా, నల్లటి డబ్బా, పైన మెరుపులూ కొమ్ములూ ఉన్నది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. కండ పెంచడానికి ఇలాంటి పొడులు వద్దంది. పప్పు, గుడ్డు, పాలు, చేప అంటారు వాళ్ళు. ఇంటికొచ్చిన వాళ్ళు మీ కందిపప్పు డబ్బా చూసి ఏమైనా అడుగుతారా? నల్ల డబ్బాను హాల్లో టీవీ పక్కన పెట్టి చూడండి, వచ్చినవాళ్ళందరూ దాని గురించే మాట్లాడతారు.

తాగే విధానం: ఒక చెంచా పొడి, అర లీటరు నందిని చిక్కటి పాలు, రెండు అరటిపళ్ళు, నాలుగు ఖర్జూరాలు, రుచికి తేనె. వ్యాయామం చేసిన రోజునే తాగాలన్న చాదస్తం వద్దు, పొడికి గడువు తేదీ ఉంటుంది. మూడు వారాలకు ఎలాగూ మొహం మొత్తుతుంది. అప్పుడు అమ్మ ఊరి నుంచి వచ్చి పొడి పారబోసి, డబ్బా కడిగి, అందులో మినప్పప్పు పోస్తుంది. లోపలి గరిట సర్ఫ్ డబ్బాలోకి వెళ్తుంది. బట్టలకు సరిగ్గా సరిపోయే కొలత. మీరు పెట్టిన డబ్బులో ఒక్క రూపాయి వృథా కాలేదు.

8. పొట్ట తగ్గాలంటే పొట్టనే తిట్టండి.

క్రంచెస్ ఒక్కటే చేయండి. కాళ్ళు, వీపు, నడక, తిండి, ఇవేవీ తాకకండి. 2011లో అమెరికాలో 24 మందితో ఒక ప్రయోగం చేశారు. వాళ్ళలో కొందరు ఆరు వారాల పాటు వారానికి అయిదు రోజులు పొట్ట వ్యాయామాలు చేశారు. పొట్ట చుట్టూ కొవ్వు మాత్రం తగ్గలేదు. కండరం గట్టిపడిందే తప్ప పైనున్న పొర అలాగే ఉంది. చూశారా, కొవ్వును కాపాడుతూనే కష్టపడే మార్గం శాస్త్రమే చూపించింది. అయిదు క్రంచెస్ చేసి చొక్కా ఎత్తి అద్దంలో చూసుకోండి. మళ్ళీ అయిదు చేసి మళ్ళీ చూసుకోండి. చూసుకునే సమయం చేసే సమయానికి రెట్టింపు ఉండాలి.

9. అడుగులు మీరే వేయాలని ఎక్కడా రాసి లేదు.

ఆఫీసులో స్టెప్ ఛాలెంజ్ పెడతారు, రోజుకు పదివేలు. చేతికి కట్టిన వాచీ చెయ్యి ఊగితే అడుగనుకుంటుంది. సీరియల్ చూస్తూ చెయ్యి ఊపండి, పప్పు రుబ్బండి, పిల్లవాడి ఉయ్యాల ఊపండి. అపార్ట్‌మెంట్‌లో కుక్కను తిప్పే కుర్రాడుంటే నెలకు కొంత ఇచ్చి మీ వాచీ వాడికి కట్టండి. అన్నిటికన్నా సులువు, క్యాబ్‌లో బెళ్ళందూరు వైపు వెళ్ళడం. ఔటర్ రింగ్ రోడ్డు గుంతలు మీ బదులు నడిచిపెడతాయి. గెలిచినవాడికి ఇచ్చే గిఫ్ట్ కార్డుతో టీమ్ మొత్తానికి పిజ్జా తెప్పించండి. ఓడినవాళ్ళు కూడా మిమ్మల్ని క్షమిస్తారు.

10. టేపు జోలికి పోకండి, తూకాన్ని నమ్మండి.

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో పక్కపక్కనే అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకోగలగడం మన జాతి ప్రతిభ అన్నమాట. దాన్ని బయటపెట్టే పాడు వస్తువు కుట్టుపని టేపు. మన మగవాళ్ళకు నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే ప్రమాదమని డాక్టర్లు అంటారు. అందుకే టేపు ఇంట్లో ఉంచకండి.

ప్యాంటు సైజు చెప్పండి చాలు. కాలేజీలో 34, ఇప్పుడూ 34. ఎలా సాధ్యమంటారా? బెల్టును ఏడాదికో అర అంగుళం చొప్పున కిందికి దించుతూ రండి. పొట్ట పైనుంచి ముందుకు వాలుతుంది, బెల్టు దాని నీడలో చల్లగా ఉంటుంది. ఖళ్ళుమని దగ్గితే గుండీ ఊడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి మీటింగుల్లో దగ్గకండి.

11. చరిత్రను మీ పక్షాన నిలబెట్టుకోండి.

ఎవరైనా మరీ నిలదీస్తే చరిత్ర ఆదుకుంటుంది. ఈ ఊళ్ళో ఒళ్ళు తీర్చిదిద్దే విద్యకు ఆద్యుడు కె.వి. అయ్యర్, అసలు పేరు కోలారు వెంకటేశ అయ్యర్. టౌన్ హాల్ సమీపాన హెర్క్యులిస్ జిమ్నేషియం నడిపాడు. సూర్య నమస్కారాలనూ బార్‌బెల్‌నూ ఒకే చోట కలిపాడు. మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయరు ఆదరణ పొందాడు. ఆయన పాత ఫోటోలు చూస్తే పొట్ట మీద గీతలు లెక్కపెట్టుకోవచ్చు. అప్పటికి ప్రోటీన్ డబ్బా లేదు, ఏసీ లేదు, మెంబర్‌షిప్ ఆఫర్ లేదు. ఇవేవీ ఎవరికీ చెప్పకండి. మనకు పనికొచ్చేవి రెండే. ఒకటి, ఆయన పోస్టులో కూడా వ్యాయామ పాఠాలు నడిపాడు. అంటే ఇంట్లో కూర్చుని కవరు చించితే చాలన్నమాట. రెండు, శాంతల, రూపదర్శి అనే నవలలు రాశాడు. కాబట్టి కుర్చీలో కూర్చుని చేసే పనికీ కండలకూ వైరం లేదు. మీరు ఎక్సెల్ షీట్లు రాస్తున్నారు, అదీ రచనే.

ఆయనను తప్పుగా వాడుకోవడం కుదరకపోతే మన కోడి రామ్మూర్తి నాయుడిని పిలవండి. వీరఘట్టంలో 1882లో పుట్టినవాడు, కలియుగ భీముడని పేరు. గుండెల మీద ఏనుగును నిలబెట్టించుకున్నాడు. ఫోటోలో చూస్తే నిండుగా, దిట్టంగా ఉంటాడు, పలకలేవీ కనిపించవు. "ఏనుగును మోసినవాడికే లేని ప్యాక్ నాకెందుకు?" అని గట్టిగా అడగండి. ఏనుగు సంగతి మీ దగ్గర ఎవరూ ఎత్తరు. మీరు ఎత్తకండి. ఇంకా మొండికేస్తే 1957 నాటి మాయాబజార్‌ను తీయండి. పెళ్ళి విందంతా గంగాళాలతో సహా ఖాళీ చేసిన ఎస్వీ రంగారావు పొట్టను చూసి జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు, ఆయనకు డైట్ చార్టు పంపలేదు.

మనవాళ్ళ బుర్ర చెడింది 2007 జనవరిలో, దేశముదురులో అల్లు అర్జున్ చొక్కా విప్పినప్పుడు. అప్పటిదాకా తెలుగు హీరోకు పొట్ట ఉన్నా ఊరంతా వెంట నడిచేది. తరువాత కమెడియన్‌గా మనకు ముద్దొచ్చిన సునీల్ కూడా 2012లో పూలరంగడు కోసం పలకలు పెంచాడు. అది మాత్రం ద్రోహం. బొద్దుగా ఉన్నవాడు మన పక్షం అనుకున్నాం. సునీల్ ప్రస్తావన వస్తే వెంటనే మాట మార్చండి.

12. ఊపిరి పీల్చి వదలండి.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందో 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క తేల్చారు. 10 కిలోల్లో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోంచే పోతుంది, మిగతాది నీరు. ఊపిరి మీరు ఎలాగూ వదులుతున్నారు. ఇంకేం చేయాలి?

13. నిద్ర తగ్గించండి.

రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో ఫిట్‌నెస్ వీడియోలు చూడండి. షికాగోలో 2010లో ఒకే డైట్ మీద ఉన్నవాళ్ళను కొన్నాళ్ళు ఎనిమిదిన్నర గంటలు, కొన్నాళ్ళు అయిదున్నర గంటలు పడుకోబెట్టి చూశారు. నిద్ర తగ్గినప్పుడు పోయిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, కండే ఎక్కువ కరిగింది. కొవ్వును ఇంత భద్రంగా దాచిపెట్టే లాకరు ఇంకెక్కడుంది? అమెరికా క్లయింటు కాల్స్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకు ఇది జీతంతో పాటే వస్తుంది.

14. ముందు ఫోటో, తరువాత ఫోటో, రెండూ ఒకే పూట తీయండి.

"ముందు" ఫోటోకి భోజనం అయ్యాక, ట్యూబ్‌లైట్ కింద, భుజాలు జార్చి, మొహం దిగాలుగా పెట్టండి. "తరువాత" ఫోటోకి బల్బు తల మీద ఉండాలి, ఎదురు నుంచి వెలుగు అస్సలు పడకూడదు. ఒంటికి కొబ్బరినూనె రాయండి. పారాచ్యూట్ చాలు, బాదం నూనె దండగ. ఊపిరి బిగబట్టి పొట్టను వీపుకి అంటించండి. తీసేవాళ్ళు ఇంట్లోవాళ్ళే అయితే తొందరగా తీయమని ముందే బతిమాలుకోండి, "ఇంకొంచెం పక్కకి జరగండి, వెనక బట్టల తాడు పడుతోంది" అని ఆవిడ మొదలుపెట్టిందంటే కళ్ళు తిరుగుతాయి. గీతలు అప్పటికీ రాకపోతే ఫోన్‌లో యాప్ గీస్తుంది. ఆరే గీయమనండి. ఆశపడి ఎనిమిది గీయించి బొడ్డు మాయమైన మిత్రుల ఫోటోలు నా కళ్ళారా చూశాను.

ఈ ఫోటో పెట్టాక మళ్ళీ ఈతకొలను దగ్గర కనిపించకండి. టీమ్ గోవా వెళ్తే మీకు జలుబు.

15. ఊరెళ్ళినప్పుడు అమ్మ మాటే వేదం.

పొట్ట దిగువ కొవ్వు నిజంగానే మొండిది. కరగమని అడ్రినలిన్ తెచ్చే ఆజ్ఞను అడ్డుకునే ఆల్ఫా-2 గ్రాహకాలు అక్కడి కణాల మీద ఎక్కువ. అందుకే ఎవరైనా పొరపాటున ఓ నెల నిజంగా శ్రమపడితే ముందుగా చిక్కేది ముఖం, ఆఖరున కదిలేది పొట్ట. ఈ ఆలస్యం మీకు వరం. బస్సు దిగగానే అమ్మ ముఖమే చూస్తుంది.

"ఏంట్రా, ఇలా పీక్కుపోయావు? ఆ ఊళ్ళో తిండి పెట్టట్లేదా?"

"డైట్ చేస్తున్నానమ్మా."

"డైటూ వద్దు, గియటూ వద్దు. కూర్చో, గారెలు వేడిగా ఉన్నాయి."

ఎదురు చెప్పకండి. పదో గారె దగ్గర మావయ్య నవ్వుతూ "ఏదిరా నీ సిక్స్ ప్యాక్?" అంటాడు. "ఇప్పుడు బల్కింగ్‌లో ఉన్నాను మావయ్యా, ముందు పెంచి తరువాత తగ్గిస్తారు" అనండి. బల్కింగ్ అనే మాట జిమ్ లోకం మనకిచ్చిన గొప్ప కానుక. దానికి ఆరంభ తేదీ ఉంటుంది, ముగింపు తేదీ ఉండదు.

16. ఏటా ఆఫీసువాళ్ళు చేయించే హెల్త్ చెకప్‌ని సక్రమంగా చదవండి.

ఇది మీ ఫలితాలు వచ్చే రోజు. ట్రైగ్లిజరైడ్లు ఎదురుగా పైకి బాణం గుర్తు ఉంటుంది. పైకి బాణం అంటే ఏ స్లైడులోనైనా వృద్ధే. షుగరు దగ్గర "ప్రీ" అని ఉంటుంది, అంటే ముందు వరసలో ఉన్నట్టు. అల్ట్రాసౌండ్ కాగితం మీద "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1" అని చూసి కంగారుపడకండి. స్కూల్లో గ్రేడ్ 1 వస్తే ఇంట్లో పాయసం చేశారు, మరిచిపోయారా? మీరు ఒంటరి కూడా కాదు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో వెలువరించిన అధ్యయనంలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు తేలింది. 84 శాతం అంటే డిస్టింక్షన్.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి "రోజూ ఏమైనా వ్యాయామం చేస్తున్నారా?" అని అడుగుతుంది. ఫోన్ తీసి మీ "తరువాత" ఫోటో చూపించండి. ఆవిడ ఫోటో వంకా మీ వంకా రెండు మూడుసార్లు మార్చి మార్చి చూసి, మూడు నెలల్లో మళ్ళీ రమ్మని రాస్తుంది. ఇదే శ్రద్ధ కొనసాగిస్తే ఈసారి గ్రేడ్ 2 ఖాయం. ఈ ప్రమోషన్‌కి మేనేజర్ సంతకం కూడా అక్కర్లేదు.